ఒంటరి పడవ ప్రయాణం: 28 మైళ్ల అంచె పూర్తి

పడవ 24 అడుగులది, మనిషిని నేనొక్కడినే. ఒక రేవు నుంచి మరో రేవుకు 28 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 52 కిలోమీటర్లు. సగటున 4 నాట్లు (గంటకు 4 నాటికల్ మైళ్లు) వేసుకుంటే 7 గంటల ప్రయాణం.

ఎప్పుడు బయలుదేరాలో తేల్చింది నేను కాదు, చేరాల్సిన రేవు ముఖద్వారంలోని ఇసుక మేట. చార్టు (సముద్రపు పటం) ప్రకారం అక్కడ లోతు 0.6 మీటర్లే, ఆటుపోట్ల నీటి ఎత్తును దానికి కలుపుకోవాలి. నా పడవ నీటిలోకి 1.2 మీటర్లు దిగుతుంది. ఆ రోజు ఆటు 11:30కి ముగుస్తుంది, అప్పటి నీటి ఎత్తు 0.5 మీటర్లు, ఆటుపోట్ల తేడా 3 మీటర్లు. ఆ తేడాను పన్నెండు వంతులు చేసే లెక్కలో నీరు మొదటి గంట 1 వంతు, రెండో గంట 2, మూడో గంట 3 వంతులు పెరుగుతుంది. మూడు గంటల్లో సగం, అంటే 1.5 మీటర్లు. కాబట్టి మధ్యాహ్నం 2:30కి మేట మీద 0.6, 0.5, 1.5 కలిపి 2.6 మీటర్ల నీరు, పడవ అడుగున 1.4 మీటర్ల ఖాళీ. అలల పల్లానికి అర మీటరు తీసేసినా ఫరవాలేదు. పైగా అప్పటికి నీరు లోపలికి పారుతుంటుంది. బయటికి పారే ఆటు నీటికి సముద్రపు అల ఎదురైతే మేట మీద కెరటాలు నిలువునా లేచి విరుగుతాయి. ఆ వేళకు అక్కడ ఉండకూడదు. అలా 2:30 నుంచి 7 గంటలు వెనక్కి లెక్కేస్తే పొద్దున 7:30కి బయలుదేరడం ఖాయమైంది.

పొద్దున నేల మీది నుంచి వచ్చే పల్చటి గాలి, నున్నటి నీరు. ఆటోపైలట్‌కు చుక్కాని అప్పగించి, అయిదు నిమిషాలకోసారి మోగేలా టైమరు పెట్టాను. కూర్చున్న ఎత్తు నుంచి నాకు దిగంతం మూడు మైళ్ల లోపే. 18 నాట్లతో ఎదురొచ్చే ఓడకూ నాకూ మధ్య ఆ దూరం ఎనిమిది నిమిషాల్లో కరిగిపోతుంది. ఏఐఎస్ (ఓడలు తామున్న చోటును రేడియోలో తెలిపే పరికరం) ఉందని చుట్టూ చూపు తిప్పడం మానేసేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. చేపల పడవలు చాలావాటికి అది ఉండదు.

భూశిర దగ్గర గాలి జోరెక్కుతుందని తెలుసు కనుక రెండు మైళ్లు ఎడంగా వెళ్లాను. సముద్రపు గాలి 15 నాట్లకు చేరేలోగానే పెద్ద తెరచాపను ఒక మడత కుదించాను. ఆ పనికి పడవను ఆపే పద్ధతి ఇది: ముందు చాపను గాలి వెనక నుంచి పట్టేలా ఉంచి, చుక్కాని పిడిని గాలి పోయే వైపు కట్టేస్తే పడవ దాదాపు నిలబడిపోతుంది, నెమ్మదిగా పక్కకు కొట్టుకుపోతుందంతే. రెండు చేతులూ ఖాళీ. రక్షణ తాడు కొక్కెం మాత్రం కాక్‌పిట్ (కూర్చుని పడవ నడిపే చోటు) దాటకముందే తగిలించాలి, దాటాక కాదు. చాప తగ్గాక ఆటోపైలట్ మూలుగు కూడా తగ్గింది. వెనక పక్క నుంచి వచ్చే అలలకు అది అంతదాకా తెగ పెనుగులాడింది.

అనుకున్నదానికన్నా ముందే, 1:40కే రేవు బయటికి చేరాను. మళ్లీ అదే పద్ధతిలో పడవను ఆపి ఏదో తిన్నాను. తీరిగ్గా ఫెండర్లు (పడవ గట్టుకు ఒరుసుకోకుండా కాపాడే మెత్తలు) వేలాడదీసి తాళ్లు సర్దుకున్నాను. రేవు రేడియో ఛానల్‌లో పిలిస్తే కుడి వైపు కట్టుకునే చోటు చెప్పారు.

ఒంటరివాడికి అసలు పరీక్ష అక్కడే. ముందు తాడు, వెనక తాడు అంటూ అటూ ఇటూ పరుగెత్తితే పడవ ఏదో ఒక కొస నుంచి గట్టుకు దూరమవుతుంది. నేను పడవ నడుమనున్న క్లీట్ (తాడు కట్టే కొమ్ము) నుంచి ఒకే తాడు తీసి, గట్టు మీద కాస్త వెనకనున్న కొక్కేనికి వేస్తాను. ఇంజను నెమ్మదిగా ముందుకు, చుక్కాని పిడి గట్టు వైపుకు. తాడు బిగుసుకుంటుంది, పడవ గట్టుకు ఒత్తుకుని అలాగే ఉండిపోతుంది. మిగతా తాళ్లు ఎంత నింపాదిగానైనా కట్టుకోవచ్చు. తాడు పొడవు ముందే కొలిచి రంగు దారంతో గుర్తు పెట్టుకున్నాను, ఎంత విప్పాలో వెతుక్కోనక్కర్లేదు.

తీరాన ఉన్న మిత్రుడికి ఫోను చేశాను. సాయంత్రం ఆరింటిలోగా కబురు రాకపోతే తీరరక్షకులకు చెప్పమని అతనికి నా దారి రాసిచ్చి వచ్చాను.

తరువాతి అంచె 41 మైళ్లు. 4 నాట్లకు పది గంటలు దాటుతుంది కనుక తెల్లవారుతూనే బయలుదేరాలి. అప్పటిలోగా చాప కుదించే తాడును కాక్‌పిట్ దాకా తెచ్చుకోవాలి.