నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము: ఎడారి పితరులు అప్పగించిన ఒక్క వచనం

డెబ్బయ్యవ కీర్తన చాలా చిన్నది, ఐదే వచనాలు. ఆ ఐదూ కొద్దిపాటి మార్పులతో నలభయ్యవ కీర్తన చివర కూడా కనిపిస్తాయి కాబట్టి, కీర్తనల గ్రంథాన్ని వరుసగా చదువుకుంటూ పోయేవారు దీని దగ్గర ఆగకుండా ముందుకు సాగిపోవడం సహజమే. అయినా "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము, యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము" అనే దాని మొదటి వచనాన్ని క్రైస్తవ మఠాలు పదహారు వందల ఏళ్లుగా తమ ప్రార్థనకు ఊపిరిగా చేసుకున్నాయి. ఇంత చిన్న మొరను ఎంచుకున్నదెవరో, అది ఎవరి కన్నీళ్ల వెంట వచ్చిన మాటో తెలిస్తే, ఈ కీర్తనను ఊరికే చదివి పేజీ తిప్పడం కష్టమవుతుంది.

ఆ సంగతి మనకు అందించినవాడు యోహాను కాసియన్. క్రీ.శ. 360 ప్రాంతంలో పుట్టిన ఈయన యౌవనంలోనే గెర్మానుస్ అనే మిత్రునితో కలిసి బేత్లెహేములోని ఒక మఠంలో చేరాడు. అక్కడ దొరికినదానితో తృప్తి చెందక ఇద్దరూ ఈజిప్టుకు ప్రయాణం కట్టారు. నైలు నది ముఖద్వారపు మైదానానికి పడమటగా, నేడు వాదీ నత్రూన్ అని పిలిచే లోయలో, స్కేటిస్ అనే సన్యాసుల స్థావరం ఉండేది. దానికి ఆద్యుడు మహా మకారియస్. అక్కడి పెద్దలు ఖర్జూరపు ఆకులతో చాపలూ బుట్టలూ తాళ్లూ అల్లుతూ, అల్లుతున్నంతసేపూ లేఖనాన్ని నోట మననం చేసుకుంటూ బ్రతికేవారు. అలాంటి పెద్దలను "అబ్బా", అంటే తండ్రీ అని పిలిచి, ఇద్దరు మిత్రులూ వారి గుడిసెల ముందు కూర్చొని ప్రశ్నలడిగారు. చాలా ఏళ్ల తర్వాత గాల్ దేశపు (నేటి ఫ్రాన్సు) మార్సెయ్ నగరంలో స్థిరపడిన కాసియన్ ఆ మాటలను గుర్తు తెచ్చుకొని, క్రీ.శ. 420ల్లో లాటిను భాషలో 24 సంభాషణలుగా వ్రాశాడు. వాటిలో తొమ్మిదవది, పదవది ప్రార్థనను గురించినవి. రెండింటిలోనూ మాట్లాడేది అబ్బా ఇస్సాకు.

పదవ సంభాషణ ఒక ఉత్తరంతో మొదలవుతుంది. ఆ రోజుల్లో అలెగ్జాండ్రియా బిషప్పు ప్రతి ఏటా ప్రభువు ప్రత్యక్షతా పండుగ గడిచిన తర్వాత, ఆ సంవత్సరపు ఉపవాస దినాలూ పునరుత్థాన పండుగా ఎప్పుడు వస్తాయో తెలియజేస్తూ ఈజిప్టులోని సంఘాలకూ మఠాలకూ లేఖ పంపేవాడు. 399లో బిషప్పు థియోఫిలస్ పంపిన లేఖలో పండుగ తేదీతో పాటు ఒక బోధ కూడా ఉంది: దేవునికి మానవ రూపం ఉన్నదని తలంచడం తప్పు. ఈ మాట స్కేటిసును కుదిపివేసింది. చదువు తక్కువైన సన్యాసులలో చాలామంది, "మన స్వరూపమందు మన పోలికె చొప్పున నరులను చేయుదము" అన్న ఆదికాండపు మాటను ఉన్నదున్నట్టుగా తీసుకొని, మనిషిని పోలిన దేవుని కళ్లెదుట నిలుపుకొనే ప్రార్థించేవారు.

వారిలో సెరాపియన్ అనే వృద్ధుడు ఒకడు. కఠినమైన నియమంతో ఎంతో కాలం ఎడారిలో గడిపినవాడు, అందరి గౌరవం పొందినవాడు. కప్పదొకియ నుండి వచ్చిన ఫొటీనుస్ అనే సంఘ పరిచారకుడు (డీకను) ఆ వాక్యానికి తూర్పు సంఘాలు చెప్పే ఆత్మసంబంధమైన అర్థాన్ని లేఖనాల ఆధారంతో ఓపికగా వివరించగా, ముసలాయన ఒప్పుకున్నాడు. సహోదరులందరూ సంతోషించి దేవునికి కృతజ్ఞత చెల్లించడానికి లేచి నిలబడ్డారు. ప్రార్థన మొదలైంది. ఎప్పుడూ తన యెదుట నిలిచే ఆ రూపం కోసం సెరాపియన్ హృదయం వెదికింది, అది లేదు. ఆయన నేలమీద పడి వెక్కివెక్కి ఏడుస్తూ, "అయ్యో, నా దేవుని నా యొద్దనుండి తీసికొనిపోయారు. ఇప్పుడు పట్టుకోవడానికి నాకెవరూ లేరు, ఎవరిని ఆరాధించాలో, ఎవరిని వేడుకోవాలో నాకు తెలియడం లేదు" అని మొరపెట్టాడు.

ఖాళీ సమాధి దగ్గర మగ్దలేనే మరియ అన్న "నా ప్రభువును ఎవరో తీసికొని పోయిరి" అనే మాట ఇందులో వినిపించకపోదు. కాసియన్ ఈ వృద్ధుని నిందించినట్టు నాకు అనిపించదు. సిద్ధాంతం విషయంలో బోధకుని పక్షమే వహించినా, ఆ కన్నీళ్లను మాత్రం పూర్తిగా వ్రాసిపెట్టాడు. ఎంతో ఆలోచించి చేసిన పని అది. ఒక మనిషి తప్పుడు తలంపు విడిచి సత్యానికి రావడం ఎంత మేలైనదైనా, ఆ తలంపును ఆనుకొనే ఆయన అన్నేళ్లు దేవుని ప్రేమించాడు. దాన్ని తీసివేసినవారు, దాని స్థానంలో చేతికి ఏమీ ఇవ్వలేదు. విశ్వాస జీవితంలో ఈ ఘట్టం సెరాపియన్ ఒక్కడిదే అనుకోవడానికి వీల్లేదు. చిన్నప్పుడు ఏర్పడిన దేవుని రూపం ఏదో ఒక దుఃఖంలోనో, ఏదో ఒక చదువు వల్లనో చెదిరిపోయి, మోకాళ్లమీద నిలిచినా ఎవరితో మాట్లాడాలో తెలియని స్థితికి చేరినవారు ఏ సంఘంలోనైనా ఉంటారు. వారికి వాదంలో గెలిచే జవాబు చెప్పడం తేలిక. ప్రార్థించడానికి ఒక మాటను చేతికివ్వడం కష్టం.

మిత్రులిద్దరూ కలతతో ఇస్సాకు దగ్గరికి తిరిగి వెళ్లి అడిగింది కూడా సరిగ్గా దీన్నే. దేవుని తలంపును మనస్సులో నిలుపుకోవడానికి ఒక పట్టు కావాలి, మనస్సు తప్పిపోయిన ప్రతిసారీ తిరిగి వచ్చి చేరుకోవడానికి ఒక గురుతు కావాలి అన్నాడు గెర్మానుస్. అక్షరాలు దిద్దే పిల్లవాడికి ఎదుట గీసిన అక్షరం కావలసినట్టే ధ్యానం నేర్చుకునేవాడికీ ఒక నమూనా కావాలన్న పోలిక ఆ సంభాషణలోనే ఉంది. అప్పుడు ఇస్సాకు, పూర్వపు పితరులలో మిగిలిన కొద్దిమంది తమకు అప్పగించినదని, నిజంగా దాహం కలవారికే తామూ అప్పగిస్తున్నామని చెప్పి, ఈ ఒక్క వచనాన్ని పలికాడు.

రూపం పోయినవానికి ఆయన మరో రూపాన్ని ఇవ్వలేదు. వర్ణనగాని, భావనగాని, ఊహించుకోవలసిన వెలుగుగాని ఇవ్వలేదు. పిలుపు ఇచ్చాడు. చూడగలిగితేనే పిలవగలమన్న నియమం లేదు. గాఢాంధకారంలో ఉన్నవాడు కూడా పిలవగలడు, అవతలివాడు వింటే చాలు. ప్రార్థన భారమంతా చూసే మన కంటిమీద నుండి వినే ఆయన చెవిమీదికి మారిపోతుంది. ఈ సంభాషణ మొదట్లోనే కాసియన్ ఆ వృద్ధుని కథను ఎందుకు పెట్టాడో ఇక్కడికి వచ్చాక గాని నాకు అర్థం కాలేదు.

ఇస్సాకు తర్వాత చెప్పినది ఎంతో నిజాయితీ గల మాట. ఈ వచనాన్ని ఎప్పుడెప్పుడు పలకాలో ఆయన తన సొంత అవస్థలాగే ఒక్కొక్కటిగా వివరిస్తాడు. ఉపవాసమున్నప్పుడు, ఎడారికే తెలియని వంటకాలు మనస్సుకు వచ్చి, మురికి గుడిసెలో రాజభోజనాల వాసన తగిలితే, ఈ వచనం. భోజనవేళ వచ్చి తినవలసినప్పుడు రొట్టె సహించకపోతే, ఈ వచనమే. నిద్ర కావలసినప్పుడు పట్టదు; లేఖనం చదవబోతే తలనొప్పి వస్తుంది, లేదా పట్టపగలే నిద్ర ముంచుకొచ్చి ముఖం పుస్తకంమీద వాలిపోతుంది. కోపం, ధనాశ, దిగులు, నలుగురు మెచ్చుకోవాలనే కోరిక, సోమరులను చూసినప్పుడు లోలోపల కలిగే గర్వం, ఇవన్నీ వరుసగా వస్తాయి. ప్రతిదానికీ ఆయన చెప్పే మందు ఒకటే. ఇంత పెద్ద తపస్వి తలనొప్పిని కూడా ప్రార్థనలో చేర్చడం చూస్తే మనస్సు కరుగుతుంది.

ఆ పట్టిక అక్కడితో ఆగితే ఈ వచనం కష్టకాలపు మొర మాత్రమే అయ్యేది. ఇస్సాకు ఇంకొక అడుగు ముందుకు వేస్తాడు. పరిశుద్ధాత్మ దర్శించి, మనస్సు నిలకడగా నిలిచి, చెప్పనలవికాని ఆనందం పొంగుతున్నప్పుడు కూడా ఇదే వచనాన్ని, ఇంకా ఎక్కువ శ్రద్ధతో పలకాలంటాడు. ఆ వెలుగు మనం సంపాదించుకున్నది కాదు. దాన్ని నిలుపుకొనే బలమూ మనకు లేదు. మంచి దినాల్లో "త్వరగా రమ్ము" అని వేడుకోవడం మనకు తోచదు. ఆపదలో పిలిచి, ఆపద తీరగానే మానుకునే ప్రార్థనకూ, ఎడారి పితరులు నేర్పిన ప్రార్థనకూ మధ్యనున్న దూరం ఇక్కడే తెలుస్తుంది.

దగ్గరే ఉన్న దేవుని "త్వరగా రమ్ము" అని పిలవడమేమిటన్న సందేహం రావచ్చు. ఇస్సాకు దానికి ముందుగానే బదులిచ్చాడు: తన రక్షకుని ఎల్లప్పుడూ పిలిచేవాడు, ఆయన ఎల్లప్పుడూ దగ్గరే ఉన్నాడని నిశ్చయించుకున్నవాడు. దూరాన ఉన్నాడనుకునేవాడు గంటకొకసారి పిలవడు.

కాసియన్ బోధకు వెనుక ఎవాగ్రియస్ అనే మహా ఉపదేశకుని నీడ ఉంది. ఈజిప్టులోని నీత్రియా, కెల్లియా ఎడారుల్లో జీవించి 399లో మరణించిన ఈయన, సన్యాసిని బాధించే ఎనిమిది దుష్ట తలంపులను వర్గీకరించి, ఒక్కొక్క తలంపుకు ఎదురు చెప్పడానికి దాదాపు 500 లేఖన భాగాలను ఎనిమిది భాగాలుగా కూర్చాడు. ఆ ఎనిమిది తలంపుల బోధను లాటిను లోకానికి చేరవేసినవాడు కాసియనే, ఎవాగ్రియస్ పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు. అయితే ఇక్కడ అన్ని తలంపులకూ ఒకే వచనం. శోధన నడుమ చిక్కినవాడు ఇది కోపమా దిగులా అని విచారించి, తగిన వాక్యాన్ని వెదికేంత తీరికలో ఉండడు. పేరు తెలియని బాధకు కూడా ఈ మొర సరిపోతుంది. అబ్బా మకారియస్‌ను ఎలా ప్రార్థించాలని అడిగినప్పుడు కూడా ఇలాంటి జవాబే వచ్చింది: ఎక్కువ మాటలు అక్కరలేదు, చేతులు చాచి "ప్రభువా, నీ చిత్తం చొప్పున, నీకు తెలిసిన చొప్పున కనికరించు" అనాలి, పోరాటం ఎక్కువైతే "ప్రభువా, సహాయం చెయ్యి" అంటే చాలు.

మరి అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దని ప్రభువు చెప్పలేదా అని అడిగేవారు ఉన్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఈజిప్టు సన్యాసులు ఆ హెచ్చరికకు భయపడే చిన్న ప్రార్థనలను ఎంచుకున్నారు. దీర్ఘంగా సాగే ప్రార్థనలో మనస్సు ఎక్కడికో పోతుందని, క్లుప్తంగా, మాటిమాటికీ ప్రార్థించడం మేలని వారి వాడుక. ఉత్తర ఆఫ్రికా బిషప్పు ఆగస్టీను కూడా ప్రోబా అనే విధవరాలికి వ్రాసిన లేఖలో, ఈజిప్టు సహోదరులు బాణాల్లా విసిరినంత చిన్న ప్రార్థనలు చేస్తారని విన్నామని మెచ్చుకుంటూ వ్రాశాడు. లెక్క కోసం పలికితే ఈ వచనమూ వ్యర్థమవుతుంది. అవసరాన్ని ఎరిగి పలికినవాడు, పునరుక్తి చేస్తున్నానని కూడా గమనించడు. ఇస్సాకు దృష్టిలో దీని ఫలం ఆత్మవిషయమైన దీనత్వం, ప్రభువు ధన్యతల్లో మొదటిది. ఈ కీర్తన చివరి వచనం కూడా "నేను శ్రమల పాలై దీనుడనైతిని" అంటూ అక్కడికే చేరుతుంది. పైగా ఇది చదువురానివానికి కూడా అందుబాటులో ఉన్న మార్గమని ఆయన చెప్పడం నాకు అన్నిటికంటే ఆదరణ కలిగించే మాట.

కాసియన్ గ్రంథాన్ని పడమటి మఠాలన్నిటికీ చేర్చినవాడు బెనెడిక్ట్. ఇటలీలోని మోంతె కసీనో కొండమీద ఆరవ శతాబ్దంలో తన సన్యాసుల కోసం వ్రాసిన 73 అధ్యాయాల నియమావళిలో, రాత్రి భోజనం తర్వాత అందరూ కలిసి కూర్చొని ఈ సంభాషణలను చదువుకోవాలని ఆయన విధించాడు. పద్దెనిమిదవ అధ్యాయంలో ఈ వచనాన్ని దినప్రార్థనలకు ఆరంభంగా ఉంచాడు. కతోలిక సంఘంలో గురువులూ కన్యస్త్రీలూ నేటికీ ప్రార్థన ఘడియలను దీనితోనే ఆరంభిస్తారు.

అయితే బెనెడిక్ట్ దీన్ని ప్రార్థనాలయంలోనే ఉంచలేదు. ముప్పై అయిదవ అధ్యాయం వంటపనిని గురించినది. మఠంలో సహోదరులు వారానికొకరు చొప్పున వంతులవారీగా వండి వడ్డిస్తారు. వంతు ముగిసినవారు శనివారం తువాళ్లు ఉతికి, గిన్నెలను పగలకుండా శుభ్రంగా లెక్క అప్పగించాలి. దిగిపోయేవారూ వంతు ఎక్కేవారూ కలిసి అందరి పాదాలూ కడగాలి. ఆదివారం ఉదయ ప్రార్థన ముగియగానే రెండు పక్షాలవారూ అందరి యెదుటా మోకరిస్తారు. ముందుగా వారం పూర్తి చేసినవారు, తమకు సహాయుడై తమను ఆదరించిన ప్రభువును స్తుతించే వచనాన్ని మూడుసార్లు పలికి ఆశీర్వాదం పొందుతారు. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లబోయేవారు "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము" అని మూడుసార్లు పలుకుతారు, మఠమంతా వారితో గొంతు కలుపుతుంది. ఎడారిలో తలంపులతో పోరాడేవాని చేతికిచ్చిన వచనమే ఇక్కడ పప్పు ఉడికించవలసినవాని నోటికి వచ్చింది. ఏడు రోజుల తర్వాత సహాయం అందిందని సాక్ష్యం చెప్పి దిగవలసినవారు కూడా వారే.