గుగ్గిలం గింజ ఆగదు: నా ఫారెస్ట్రీ చదువు

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. మాది మందస పక్కన చిన్న ఊరు. తెల్లారి తోటకి వెళ్తే జీడిచెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయి ఉన్నాయి. నాన్న ఏమీ మాట్లాడలేదు. పడిన ఒక్కో చెట్టు మీదా చెయ్యి వేస్తూ తోటంతా తిరిగారు. చెట్ల గురించే చదవాలని ఆ రోజే అనుకున్నాను.

ఇంట్లో అందరూ అగ్రికల్చర్ బీఎస్సీ చెయ్యమన్నారు. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ప్రవేశ పరీక్ష రాసి, కౌన్సెలింగ్‌లో మాత్రం ఫారెస్ట్రీనే ముందు పెట్టాను. భువనేశ్వర్‌లో సీటొచ్చింది. నాలుగేళ్ల కోర్సు. కరోనా వల్ల మొదట్లో పాఠాలన్నీ ఫోన్‌లోనే.

అసలు చదువు అడవిలో కాలు పెట్టాక మొదలైంది. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీసుకోవాలి. వాలు నేలైతే ఆ ఎత్తు ఎగువ వైపు నుంచి లెక్క. నేను దిగువ వైపు నిలబడి కొలిచేశాను, టేపు కూడా ఒక పక్కకి జారింది. సార్ అన్ని చెట్లూ మళ్లీ కొలిపించారు. చేతులు నొప్పెట్టినా ఆ ఎత్తు ఒంటికి పట్టేసింది. ఇప్పుడు ఏ చెట్టు పక్కన నిలబడినా నా కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి. మా జీడిచెట్లు చాలావరకు ఆ ఎత్తుకి కిందే చీలిపోతాయి, అలాంటప్పుడు ఒక్కో కాండాన్నీ విడిగా లెక్కపెట్టాలి.

నన్ను బాగా ఏడిపించింది గుగ్గిలం చెట్టు. ఒడిశా వాళ్లు సాల్ అంటారు. 2023 జూన్‌లో దాని రెక్కల గింజలు సంచి నిండా ఏరాను. సెమిస్టర్ పరీక్షల టెన్షన్‌లో రెండు వారాలు హాస్టల్ గదిలోనే ఉండిపోయాయి. తర్వాత నర్సరీలో నాటితే ఒక్కటంటే ఒక్కటీ మొలవలేదు. గోరుతో చీల్చి చూస్తే లోపల పప్పు నల్లబడి, ఎండి ఉంది. రాలిన వారం రోజుల్లోనే ఆ గింజకి మొలకెత్తే శక్తి పోతుందని క్లాసులో విన్నాను, నోట్సులో రాసుకున్నాను కూడా. అయినా సంచి విప్పలేదు. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

సెలవులకి ఇంటికెళ్లి మామ్మకి చెప్పాను. ఆవిడ పుట్టిల్లు మహేంద్రగిరి వైపు. "రాలిన గింజని దాస్తావేటే గుంటా! వానతో రాల్తాది, వానలోనే నాటాల" అంది.

2024లో తొలకరి పడిన మర్నాడు ఏరాను. ఆ సాయంత్రమే రెక్కలు తుంచి, తడి మట్టి నింపిన సంచుల్లో నాటాను. కొన్నాళ్లకి ఒక సంచిలో మట్టి పగిలి, తెల్లని వేరు కిందికి వంగుతూ కనిపించింది. ఫొటో తీసి చెల్లి ఫోన్‌కి పంపాను. వెంటనే మామ్మే ఫోన్ చేసింది: "నీళ్లు నిలవనీకే."