సోచిలో మావో అసాదా

2005లో, పదిహేనేళ్లకే ఫిగర్ స్కేటింగ్ గ్రాండ్ ప్రి ఫైనల్ గెలిచేసిందీ జపాన్ అమ్మాయి. అయినా 2006 టొరినో ఒలింపిక్స్‌కి వెళ్లనివ్వలేదు. వయసు నిబంధనకి 87 రోజులు తక్కువట! ఆ రూల్ మీద నాకింకా కోపమే. తర్వాత 2010 వాంకూవర్‌లో రజతం వచ్చింది.

ఆమె అంటే ట్రిపుల్ యాక్సెలే. మిగతా జంప్‌లన్నీ వెనక్కి జారుతూ ఎగిరేవి. ఇదొక్కటే ముందుకు చూస్తూ ఎగరాలి, గాలిలో మూడున్నర చుట్లు తిరగాలి. 2014 సోచి ఒలింపిక్స్‌లో, పోటీ మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో సరిగ్గా దాని దగ్గరే పడింది. 16వ స్థానం. పతకం మీద ఆశ అక్కడితో సరి.

మర్నాడు రెండో భాగానికి, అంటే ఫ్రీ స్కేట్‌కి, నీలం డ్రెస్‌లో వచ్చి, రహ్మానినోఫ్ సంగీతానికి మొదటి జంప్‌గా మళ్లీ దాన్నే ఎత్తుకుంది. ఎంత గుండె ధైర్యం! ఈసారి నిలబడింది. ప్రోగ్రామ్ అయిపోగానే తల పైకెత్తి ఏడ్చేసింది, అంతలోనే తమాయించుకుని నవ్వింది. స్కోరు 142.71, అప్పటికి ఫ్రీ స్కేట్‌లో తన బెస్ట్. మొత్తంగా ఆరో స్థానం. మరుసటి నెలే సైతామాలో మూడోసారి ప్రపంచ చాంపియన్ అయింది, 2017లో రిటైరైంది.

సోచి బంగారం ఎవరికి దక్కాల్సిందో జనం ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నేనా గొడవలోకి రాను, నాకు ఆ నాలుగు నిమిషాలు చాలు.