మూడో ఆకు

న్యూజిలాండ్ చేరిన మొదటి వారంలో మా నాయన ఫోన్లో అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది.

"అక్కడ నాలుగు వందల ఆవులకు మేత ఎవరు కోస్తారు?"

"ఎవరూ కొయ్యరు నాయనా. అవే వెళ్లి మేసి వస్తాయి."

"మరి పేడ ఎవరు ఎత్తుతారు?"

"మేసిన చోటే పడుతుంది. అక్కడే ఎరువైపోతుంది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నీకు జీతం ఎందుకిస్తున్నారు?" అన్నాడు.

ఆయన వెటకారం చేయలేదు. నిజంగానే అర్థం కాలేదు. పలమనేరు దగ్గర పల్లె మాది. ఇంట్లో మూడు సంకర జాతి ఆవులు. తెల్లవారకముందే నేపియర్ గడ్డి కోసి మోపు మోసుకురావడం, పేడ ఎత్తడం, దాణా కలపడం, క్యాను పట్టుకుని పాల కేంద్రానికి పరుగెత్తడం, అక్కడ వెన్న శాతం ఎంత పడిందో చూసి ముఖం చిట్లించడం. ఆవులు పెంచడమంటే మాకు ఇదే. టమోటా ధర పడిపోయి బుట్టలకు బుట్టలు రోడ్డు పక్కన పారబోసిన ఏడాది కూడా పాల బిల్లు మాత్రం ఆగలేదు. నా చదువు, అక్క పెళ్లి ఆ బిల్లు మీదే జరిగాయి. అలాంటి ఇంట్లో ఆవు తనంతట తాను మేసి వస్తుందంటే, పనివాడు దేనికని అడగక మానరు.

జవాబు తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నేను పనిచేసేది వైకాటో ప్రాంతంలో, హామిల్టన్ ఊరికి ముప్పావు గంట దూరంలో. నూట యాభై హెక్టార్లు, నాలుగు వందల ఇరవై ఆవులు. యజమాని కాక పనివాళ్లం ఇద్దరమే. నేలంతా నలభై ఎనిమిది పాడక్‌లుగా విడగొట్టి ఉంటుంది. పాడక్ అంటే మన మడి అనుకోండి. కాకపోతే ఒక్కో మడి మూడు హెక్టార్లు. వసంతంలో ఉదయం పాలు తీశాక ఒక మడి, సాయంత్రం తీశాక ఇంకొక మడి. రోజుకు రెండు చొప్పున తిరిగి మొదటి మడికి వచ్చేసరికి ఇరవై నాలుగు రోజులు. ఈ ఇరవై నాలుగు ఎక్కడిదని చేరిన కొత్తలో యజమానిని అడిగాను. ఆయన మాటల్లో చెప్పలేదు. బూట్లతో సహా మడిలో మోకాళ్ల మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు.

రైగ్రాస్ అనే గడ్డి అది. ఒక పిలకను వేళ్లతో విడదీసి చూపించాడు. ఆవు కొరికిన చోటు మొండిగా ఉంది. దాని లోపలి నుంచి ఒక ఆకు, దాని ఒడిలో రెండోది, ఆ తర్వాత వెంట్రుకలా చుట్టుకుని ఉన్న మూడోది. ఈ గడ్డి పిలక మీద ఒకేసారి మూడు పచ్చి ఆకులే నిలుస్తాయి. నాలుగోది వచ్చిందంటే మొదటిది కొన నుంచి ఎండుతూ వస్తుంది. పెరిగిందంతా నేలపాలు. మరీ ముందుగా, ఒక్క ఆకు దగ్గరే మేపితే ఇంకో నష్టం. కొరికిన తర్వాత మొదటి ఆకును పుట్టించేది నేలకు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు లోపల, కాడ మొదట్లో దాచుకున్న చక్కెర. ఆ దాపు తిరిగి నిండేది రెండో ఆకు దాటాకే. నిండకముందే ఇంకోసారి కొరికితే వేరు కురచబడుతుంది, పిలకలు తగ్గుతాయి, ఖాళీ చోటికి కలుపు వస్తుంది. అందుకే రెండో ఆకు దాటాక, మూడో ఆకు నిండేలోగా మేపాలి. వసంతంలో ఆకుకు సుమారు ఎనిమిది రోజులు. మూడెనిమిదులు ఇరవై నాలుగు.

చలికాలంలో అదే ఆకుకు నెల దాకా పడుతుంది. అప్పుడు చుట్టు తొంభై రోజులకు సాగుతుంది. ఒట్టిపోయిన ఆవులకు రోజుకు అర మడి మాత్రమే, అదీ మధ్యలో తీగ అడ్డం కట్టి. ఆవుల సంఖ్య మారదు, నేల మారదు. మారేది రోజులే.

ఫ్రాన్సులో ఆంద్రే వాజాన్ అనే రైతు శాస్త్రవేత్త 1950లలో ఈ సంగతినే గట్టిగా చెప్పాడు. నేల చెడేది ఆవులు ఎక్కువై కాదు, అవి ఒకే చోట ఎక్కువ రోజులు ఉండటం వల్ల, కొరికిన మొక్క దగ్గరికి తొందరగా తిరిగి రావడం వల్ల. ఒక్క ఆవునైనా ఏడాది పొడవునా ఒకే బీడులో వదిలితే, తనకు నచ్చిన లేత గడ్డినే వెతుక్కుని మళ్లీ మళ్లీ కొరుకుతుంది. నచ్చనిది ముదిరి పొదగా నిలబడుతుంది. మా ఊరి మేత పోరంబోకు ఎందుకు అలా తయారైందో నాకు అర్థమైంది అక్కడ, పదకొండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో.

ప్రతి సోమవారం పొలమంతా నడవడం నా పని. చేతిలో ప్లేట్ మీటర్. కర్రకు అడుగున ఒక పళ్లెం, పైన లెక్క చూపే మర. అడుగులో అడుగు వేస్తూ గడ్డి మీద ఆనిస్తూ పోతే సగటు ఎత్తు తెలుస్తుంది. దాన్నుంచి హెక్టారుకు ఎన్ని కిలోల మేత (తడి తీసేసిన లెక్కన) నిలిచి ఉందో లెక్క కడతారు. రెండు వేల ఎనిమిది వందల దగ్గర ఆవులను లోపలికి తోలాలి, పదిహేను వందల దగ్గర బయటికి తేవాలి. అంతకంటే కిందికి పోనిస్తే రేపటి గడ్డిని తిన్నట్టు. పైన వదిలేస్తే అది ముదిరి వచ్చే చుట్టులో పాల దిగుబడి పడుతుంది. మొదట్లో నేను ఆవుల కడుపులు చూసి, "పాపం, ఇంకా తింటున్నాయి కదా" అని గంటసేపు ఎక్కువ ఉంచేవాణ్ణి. అది జాలి కాదని తెలుసుకోవడానికి చాలా సోమవారాలు నడవాల్సి వచ్చింది.

గడ్డిని అంత ఎత్తున వదలడంలో ఆవు ఆరోగ్యం కూడా ఉంది. నట్టల పిల్లలు పేడలోంచి బయటికి వచ్చి మంచు తడి పట్టుకుని గడ్డి ఎక్కుతాయి గానీ, ఎక్కువ భాగం అడుగునే ఉంటాయి. నేల నాకేలా మేపితే అవన్నీ ఆవు నోట్లోకే. దూడలను అందరికంటే ముందు మడిలోకి తోలి, పైపై కొనలు మేశాక తీసేసి, వెనుక పెద్ద ఆవులను తోలడం అందుకే. అయితే ఇవన్నీ చేసినా నట్టల మందు మానేయవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

నా తప్పు సంగతి కూడా చెప్పాలి. రెండో వసంతం, అక్టోబరు. రాత్రి మేత మడిలో తీగ లాగి, ఊచలు గుచ్చి, చివర కొక్కెం తగిలించకుండా వచ్చేశాను. తీగ ఉంది, అందులో కరెంటు లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు వెళ్లేసరికి మంద మొత్తం మర్నాటి భాగంలో ఉంది. ఆ భాగం నిండా తెల్ల క్లోవర్, మన పిల్లిపెసర లాంటి కాయజాతి మేత. పైగా మంచుతో తడిసి ఉంది. ఏడు ఆవులకు లోపల నురగ పట్టి ఎడమ డొక్క డప్పులా ఉబ్బి వెన్నుపూస కంటే ఎత్తుగా లేచింది. ఒకటి నాలుక చాపి నిలబడి ఊగుతోంది. యజమాని పరుగున వచ్చి, మందు గొట్టం అందుకుని ఒక్కొక్కదానికీ నురగ విరగగొట్టే మందు తాగించాడు. ఆరు బతికాయి. ఊగుతున్నది షెడ్డు దాకా రాలేదు.

మా తాత ఇలాంటప్పుడు వెదురు గొట్టంతో వేరుశనగ నూనె పట్టేవాడు. లోపల జరిగేది ఒకటే, నూనె నురగను విరుస్తుంది. ఆ ఉదయం నాకు ఆయనే గుర్తుకొచ్చాడు. యజమాని తిట్టలేదు. సాయంత్రం కాగితం తెచ్చి, తొక్కి పాడైన ఆ మడి వల్ల చుట్టు ఎన్ని రోజులు తగ్గిందో లెక్క వేయమన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంకొకటి కూడా నేను ఇంటికి చెప్పలేదు. జూలై, ఆగస్టు నెలల్లో అన్నీ వరసపెట్టి ఈనుతాయి. నాలుగు రోజులు నిండిన కోడెదూడలను, పెంపకానికి అక్కర్లేనివాటిని, లారీ వచ్చి ఎక్కించుకుపోతుంది. ఎక్కడికో అడగనక్కర్లేదు. పచ్చటి మళ్ల ఫోటోలు మా నాయనకు పంపుతాను. ఆ గేటు దగ్గరి ఫోటో ఒక్కటీ పంపలేదు.

మే నెలాఖరుకు ఆవులు ఒట్టిపోతాయి. సెలవు దొరికేది అప్పుడే. పోయిన ఏడాది ఆరు వారాల కోసం ఇంటికి వచ్చినప్పుడు పెట్టెలో ఒక చిన్న ఎనర్జైజర్ (కంచె తీగకు కరెంటు దెబ్బ పంపే పెట్టె), రెండు చుట్టల తీగ తెచ్చాను. మామిడి తోట పక్కన ఎకరంన్నర బీడు ఉంది, ఎనిమిది మళ్లు చేద్దామన్నాను.

"కరెంటు తీగా? మన చేలోనా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు నాయన. ఆయన భయంలో న్యాయం ఉంది. కౌండిన్య అడవి అంచున ఉన్న పల్లెలు మావి. ఏనుగులను ఆపడానికి వేసిన సోలార్ కంచెలు ఎరుగుదుము. అడవి పందుల కోసం దొంగచాటుగా నేరుగా కరెంటు తగిలించిన తీగలూ ఎరుగుదుము, వాటికి తగిలి పోయిన మనుషుల సంగతీ ఎరుగుదుము. ఇది అది కాదని చెప్పడానికి మూడు రోజులు పట్టింది. ఎనర్జైజర్ తీగలో కరెంటు ఎడతెగకుండా పారదు. సెకనుకు ఒకసారి, వెయ్యో వంతు సెకను కూడా నిలవని చిన్న దెబ్బ. వోల్టులు వేలల్లో ఉన్నా అది చురుక్కుమనిపించి వదిలేస్తుంది. పట్టుకుని ఉండదు.

తీరా బిగించాక ఆవు మూతి ఆనించినా ఏమీ కాలేదు. అమ్మ నవ్వింది. కారణం మా ఎర్రనేల. దెబ్బ ఆవు కాళ్ల నుంచి నేలలోకి దిగి ఎర్త్ కడ్డీ దాకా తిరిగి రావాలి. వైకాటోలో నేల ఏడాదిలో చాలా భాగం చెమ్మగా ఉంటుంది, అక్కడ మాకు ఆ ఆలోచనే ఉండదు. జూన్ మొదట్లో పలమనేరు నేల పెంకులా ఉంది. ఇంకో రెండు కడ్డీలు లోతుగా దిగగొట్టి, రెండు బిందెల నీళ్లు పోశాం. నాయన తడి నేపియర్ ఆకు ఒకటి తీసుకుని, కొన తీగకు ఆనించి మెల్లగా చేతిని ముందుకు జరిపాడు. ఒక జానెడు దూరంలో ఉండగా భుజం ఎగిరింది. "ఉంది" అన్నాడు, అంతే. ఆ తర్వాత ఎర్త్‌కు నీళ్లు పోయడం ఆయన పని అయింది.

వైకాటో లెక్క చిత్తూరులో పనిచేయదని ఆయనే నాకు చెప్పాడు. ఇక్కడి గడ్డి నైరుతి వానకు లేస్తుంది, మధ్యలో ఎండుతుంది, ఈశాన్య వానకు మళ్లీ లేస్తుంది. జనవరి నుంచి మే దాకా లేవదు. సంకర ఆవులు మిట్టమధ్యాహ్నం ఎండలో మేయవు, రొప్పుతాయి. కాబట్టి పొద్దున పది లోపల, సాయంత్రం నాలుగు తర్వాత మాత్రమే తోలడం, మిగతా సమయం మామిడి నీడ. మందు కొట్టిన వారాల్లో తోట వైపు పోనివ్వకపోవడం. ఎకరంన్నరతో మూడు ఆవుల కడుపు నిండదు, కాబట్టి చొప్ప, దాణా ఉండనే ఉంటాయి. బీడులో ఉన్నది గరిక, నానా రకాల పిచ్చి గడ్డి. తొలకరికి స్టైలో, గినీ గడ్డి విత్తనం చల్లి, నేను విమానం ఎక్కేశాను.

మూడో ఆకు లెక్క గరికకు కుదరదు, అది నేలబారున పాకే గడ్డి. ఫోన్లో ఎలా చెప్పాలో తెలియక, "పిడికిలి ఎత్తు మిగిల్చి తీసెయ్, జానెడు లేచాక మళ్లీ తోలు" అన్నాను. ఆగస్టులో ఆయన చుట్టు ముప్ఫై రెండు రోజులు వచ్చింది. సెప్టెంబరులో వాన మొహం చాటేస్తే, నేను చెప్పకుండానే యాభైకి సాగదీసి, మధ్యలో ఆవులను కట్టేసి చొప్ప వేశాడు. గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నాడని అమ్మ చెప్పింది. పాలు పెరిగాయా అని అడిగితే, "దాణా బస్తా నాలుగు రోజులు ఎక్కువ వస్తోంది" అన్నాడు. అంతకుమించి ఒప్పుకునే మనిషి కాదు. నవంబరులో పక్కవాళ్ల మేకలు ఒంటి తీగ కింద నుంచి దూరి మూడు మళ్లు నున్నగా చేసి పోయాయి. దాని మీద రెండు ఇళ్ల మధ్య పదిహేను రోజులు మాటల్లేవు.

మొన్న వీడియో కాల్‌లో తీగ బీడులో కనిపించలేదు. ఏమైందని అడిగాను. గడ్డి ఎండిపోయాక ఆవులకు దానితో పనేముందని, విప్పి బోరు కింద వేసిన వేరుశనగ చుట్టూ మోకాలి ఎత్తున రెండు వరసలు కట్టాడట. పందులు రావడం లేదట. వచ్చేటప్పుడు అలాంటి పెట్టె ఇంకొకటి తెమ్మన్నాడు.

"ఆవులకా, పందులకా?"

"ముందు తీసుకురా, తర్వాత చూద్దాం" అన్నాడు.