ప్రాంగణం తెలిసినవాళ్లు

మా విశ్వవిద్యాలయంలో కొత్త హాస్టల్, తరగతి గదులు కట్టే ముందు అందరి అభిప్రాయాలూ సేకరించే పని మాకు అప్పగించారు. విద్యార్థులు వైఫై, క్యాంటీన్ అడిగారు. అవి ఊహించినవే.

నన్ను కదిలించింది పారిశుద్ధ్య కార్మికుల మాట. చెన్నైలో ఈ పనిలో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. తెలుగులో పలకరించగానే ఒక పెద్దావిడ ప్రాంగణమంతా తిప్పి చూపించారు. “కార్తీకం వానలకు నీళ్లు ముందు నిలిచేది ఇక్కడే నాయనా. 2015లో ఈ మెట్టు దాకా మునిగింది. ఇక్కడా మీరు హాస్టల్ కట్టేది?” అన్నారు. నక్షాలో అది ఉత్త ఖాళీ స్థలం! ఇన్నేళ్లుగా పనిచేస్తున్నా, బట్టలు మార్చుకోవడానికి వాళ్లకొక గది లేదు. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థిని ర్యాంపు గురించి చెప్పింది. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవుండాలి. పాత భవనం ముందున్నది అందులో సగం కూడా లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చినా అది అలాగే ఉంది.

కార్మికుల పని మధ్యాహ్నానికే ముగుస్తుంది, అభిప్రాయ సమావేశమేమో సాయంత్రం. తర్వాతిది ఉదయం టీ వేళ, వాళ్లున్న చోటే, తమిళంతో పాటు తెలుగులోనూ జరపాలని రాసిచ్చాను.