చీలమండ దాటని అడవిలో పది రోజులు

"మనూళ్ళో ఎలుగులు చాలవనా, అంత దూరం ఎల్లావు?" అన్నాడు నాన్న ఫోన్లో. అప్పుడే రైఫిల్ శిక్షణ ముగించుకుని గదికొచ్చాను. కుడి భుజం వాచిపోయింది.

నాన్న అన్నదాంట్లో తప్పేం లేదు. మాది ఉద్దానం. పలాస నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. జీడి తోటల్లో ఎలుగుబంట్లు తిరగడం మాకు కొత్త కాదు. 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగు ఒక రైతు ప్రాణం తీసినప్పుడు, అమ్మ కొన్నాళ్ళ పాటు నాన్నని తోటకి ఒక్కడినీ వెళ్ళనివ్వలేదు. అలాంటి ఊరి పిల్లని, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర నిలబడి తెల్ల ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలో నేర్చుకుంటున్నాను. ముందు గట్టిగా అరవాలి. తర్వాత వెలుగూ చప్పుడూ చేసి బెదరగొట్టే ఫ్లేర్ పిస్తోలు పేల్చాలి. అప్పటికీ మీదికి వస్తే రైఫిల్. మా ఊళ్ళో రేకు డబ్బాలు కొడతారు. మొదటి రెండు మెట్లూ అక్కడా ఇక్కడా ఒకటే.

నార్వే రాజధాని ఓస్లోలో నాది పీహెచ్‌డీ రెండో ఏడు. ఆర్కిటిక్ మొక్కల మీద విపరీత వాతావరణం చూపే ప్రభావాన్ని క్లైమేట్ మోడల్లోకి, అంటే భూమి వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాంలోకి, ఎలా ఎక్కించాలన్నది నా పని. ఏడాదిలో పదకొండు నెలలు కంప్యూటర్ ముందే గడుస్తాయి. మిగిలిన కొద్ది రోజులూ ఉత్తర ధ్రువం వైపున్న నార్వే దీవులు, స్వాల్‌బార్డ్. 2025 జూలైలో వెళ్ళింది రెండోసారి.

ఓస్లో నుంచి విమానం ట్రోమ్సోలో ఆగుతుంది. అక్కడ అందరినీ దింపి, పాస్‌పోర్టులు చూసి, మళ్ళీ అదే విమానం ఎక్కిస్తారు. స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంగెన్ లోపలికి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోకి, రాదు. 1920 నాటి ఒప్పందం పుణ్యమా అని అక్కడ ఉండటానికి ఎవరికీ వీసా అక్కర్లేదు. కానీ నార్వే దాటకుండా అక్కడికి చేరే దారి మాకు లేదు, నార్వేకి వీసా కావాలి. ఈ విషయం అర్థమయ్యేలా చెప్పేసరికి అమ్మ ఫోన్ నాన్నకి ఇచ్చేసింది.

లాంగ్‌యర్‌బ్యెన్ చిన్న ఊరు, రెండున్నర వేల మంది జనం. జాన్ మన్రో లాంగ్‌యర్ అనే అమెరికన్ 1906లో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలుపెట్టాడు, ఊరికి ఆయన పేరే నిలిచింది. నేను వెళ్ళే ముందే, జూన్ ఆఖరుకి, ఊరికి మిగిలిన ఒకే ఒక్క గని, ఏడో నంబరుది, మూసేశారు. కరెంటు కేంద్రం 2023లోనే బొగ్గు మానేసి డీజిల్‌కి మారింది. గనుల కాలం నుంచి మిగిలిన అలవాటు ఒకటుంది: హోటల్లోకైనా ఆఫీసులోకైనా బూట్లు విప్పి వెళ్ళాలి. బొగ్గు మసి లోపలికి రాకూడదని మొదలైన పద్ధతి. విదేశీ జనానికి ఇది వింతగా ఉంటుందట. గుమ్మం దగ్గర చెప్పులు విడవడం చిన్నప్పటి నుంచీ అలవాటైన నాకు మాత్రం, యూరప్ వచ్చాక మొదటిసారి ఎవరింటికో చుట్టపుచూపుకి వెళ్ళినట్టనిపించింది.

మేం మొక్కల్ని లెక్కపెట్టే చిన్న చిన్న నేల ముక్కలు, మా ప్లాట్లు, ఎన్‌డాలెన్ అనే లోయలో ఉన్నాయి. ఊరు దాటి, తాగునీటి చెరువు ఈస్‌డామెన్ పక్కనుంచి లోపలికి నడవాలి. ఊరి చివర తెల్ల ఎలుగు బొమ్మతో ఒక హెచ్చరిక బోర్డు ఉంటుంది. కింద 'స్వాల్‌బార్డ్ అంతటికీ వర్తిస్తుంది' అని నార్వే భాషలో రాసి ఉంటుంది. అందరూ దానితో ఫోటో దిగుతారు, నేనూ దిగాను. నిజానికి ఆ పది రోజుల్లో మమ్మల్ని తరిమింది ఎలుగు కాదు, ఆర్కిటిక్ టెర్న్ అనే పిట్ట. దారి పక్కనే గూడు పెట్టుకుని, దగ్గరికొచ్చిన వాళ్ళ నెత్తి మీద ముక్కుతో పొడుస్తుంది. అది ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తుందని తెలిశాక, ఒక కర్ర తలపైకి ఎత్తి పట్టుకుని నడిచేవాళ్ళం. నాతో వచ్చిన స్వీడన్ అమ్మాయి భుజాన రైఫిల్, నా చేతిలో కర్ర. మా ఇద్దరినీ చూస్తే పొలం కాపలాకి పోతున్నట్టే ఉండేది.

లోయలో ఒక్క చెట్టూ లేదు. చెట్టని పిలవదగ్గది పోలార్ విల్లో ఒకటుంది గానీ దాని ఎత్తు నా చీలమండ దాటదు. కాండం నేలలో దాక్కుని పాకుతుంది, పైకి కనిపించేది నాలుగు ఆకులే. నేను వెతుక్కుంటూ వచ్చింది కాసియోపి కోసం. నేలకి అంటుకుని పెరిగే చిన్న పొద ఇది. ముదురాకుపచ్చ ఆకులు కొమ్మ చుట్టూ నాలుగు వరసల్లో బిగుతుగా అల్లుకుని ఉంటాయి, నాలుగు పాయల జడలా. జూలైలో ఆ జడలకి తెల్లటి గంటల్లాంటి పూలు తలవంచుకుని వేలాడతాయి. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఒక కొమ్మని భూతద్దం కింద పెడితే ఆకుల పొడవు చిన్నగా మొదలై, పెద్దదై, మళ్ళీ చిన్నదవుతూ అలల్లా కనిపిస్తుంది. ఒక్కో అల ఒక్కో వేసవి. వేలెడంత కొమ్మలో ఇరవై వేసవులు లెక్కపెట్టాను, నా వయసుకి కాస్త తక్కువ.

అలాంటి జడలు సగానికి సగం బూడిద రంగులోకి తిరిగిపోయి ఉన్నాయి.

చలి వల్ల చచ్చాయనుకుంటాం. వీటికి చలి లెక్కే కాదు. శరదృతువులోనే కణాల్లో చక్కెరలు పోగేసుకుని గట్టిపడతాయి, ఆపైన మంచు దుప్పటి కింద హాయిగా పడుకుంటాయి. ప్రమాదమంతా నడి చలికాలంలో వచ్చే వెచ్చటి వారంతోనే. వాన పడుతుంది, దుప్పటి కరుగుతుంది, మొక్క వసంతం వచ్చిందనుకుని ఆ గట్టిదనం వదులుకుంటుంది. వారం తిరక్కుండా మళ్ళీ గడ్డకట్టే చలి. కరిగిన నీరు మొక్క చుట్టూ అద్దంలా బిగుసుకుంటుంది. లేదా మంచు పోయిన చోట గాలీ వెలుతురూ మొక్కలోని నీటిని లాగేస్తాయి, గడ్డకట్టిన నేల నుంచి వేరు ఒక్క చుక్క తేలేదు. 2012 జనవరి ఆఖర్లో ఇలాంటి వానే కురిసింది. 2025 ఫిబ్రవరి కూడా అలాంటిదే. మన దేశ పరిశోధన కేంద్రం హిమాద్రి ఉన్న నీ-ఓలెసుండ్‌లో ఆ నెల సగటు మైనస్ 3.3 డిగ్రీలు. మామూలుగా మైనస్ 15 దాకా ఉండాల్సిన నెల అది.

మా మోడల్ చేసే పని విచిత్రంగా ఉంటుంది. భూమిని గడులుగా కోస్తుంది. స్వాల్‌బార్డ్ దగ్గర ఒక గడి ఉత్తర దక్షిణాలుగా సుమారు 100 కిలోమీటర్లు, అడ్డంగా 30. హిమానీనదం, లోయ, కొండ అన్నీ అందులోనే. మొక్కలని కూడా విడివిడిగా చూడదు, కొన్ని రకాలుగా కట్టలు కడుతుంది: ఆర్కిటిక్ గడ్డి, ఆకు రాల్చే పొద, అలా. ఆకు రాల్చని ఆర్కిటిక్ పొదకి అందులో చోటే లేదు. అంటే కాసియోపికి రేషన్ కార్డు లేదన్నమాట. ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. నేను చేతిలోకి తీసుకున్న నాటి కోడ్ ప్రకారం మొక్కలు ఏడాదికి నూటికి రెండు చొప్పున చస్తాయి. ఏ సంవత్సరమైనా అంతే, ఈఎంఐ కట్టినట్టు. వాతావరణాన్ని అరగంటకోసారి లెక్కగట్టే మోడల్‌కి ఆ వెచ్చటి వారం తెలుసు. దానికి మొక్క ఏమైపోవాలో మాత్రం తెలియదు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు తిత్లీ గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ ఏటి గాలుల సగటు తీస్తే అందులో తిత్లీ కనిపించదు. మా కొబ్బరి తోటలో కనిపిస్తుంది.

ప్లాట్ అంటే పెద్దదేం కాదు, అరమీటరు చదరం. దాని మీద దారాలతో గళ్ళు కట్టిన చట్రం పెట్టి, నూరు చోట్ల సన్నటి ఊచ దించి, తగిలింది పచ్చ కొమ్మా, బూడిద కొమ్మా, నాచా, రాయా అని చెప్పాలి. నేను మోకాళ్ళ మీద కూర్చుని అరుస్తుంటే స్వీడన్ అమ్మాయి రాసుకునేది. ఒక ప్లాట్‌కి గంట పట్టేది. చీకటి పడదు కాబట్టి ఆపడానికి సాకు దొరకదు. ఒక రోజు రాత్రి పదకొండింటికి ఆకలేసి చూసుకుంటే మధ్యాహ్నం తినలేదని గుర్తొచ్చింది. వేడినీళ్ళు పోసుకునే ప్యాకెట్ భోజనంలో ఆవకాయ కలిపాను. ఆ అమ్మాయికి ఒక ముద్ద పెట్టాను, కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఇంకో ముద్ద అడిగింది.

ఆరో రోజు అసలు దెబ్బ తగిలింది. కిందటి ఆగస్టులో నేలలో పాతిపెట్టిన పన్నెండు ఉష్ణోగ్రత లాగర్లు, అంటే వేడిని దానంతటవే నమోదు చేసుకునే చిన్న పరికరాలు, తవ్వి తీశాం. ఐదు ఫిబ్రవరి మొదటి వారంలోనే ఆగిపోయాయి. సరిగ్గా ఆ వెచ్చటి రోజులకి ముందు. తప్పు నాదే. లిథియం బ్యాటరీలు సరిపోక ఆ ఐదింటికీ మామూలువి వేశాను, ఏమవుతుందిలే అని. ప్రొఫెసర్‌కి మెయిల్ రాయడానికి రెండు గంటలు టెన్షన్ పడ్డాను. ఆయన ఒక్క ముక్క జవాబిచ్చారు: "మిగిలిన ఏడూ చూడు."

చూశాను. గ్రాఫ్‌లో గీత కిందా మీదా పడుతూ వచ్చి, ఫిబ్రవరిలో ఒక చోట సున్నా దగ్గరికొచ్చి కదలకుండా నిలిచిపోయింది. మంచులోంచి దిగిన వాన నీరు నేల మీద గడ్డకడుతూ వేడిని వదులుతుంటుంది, అది పూర్తయ్యేదాకా ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఉంటుంది. పైకి ఏమీ జరగనట్టుంది గానీ, మొక్కల చుట్టూ అద్దం పోత పోస్తున్న రోజులవి.

ఆ సాయంత్రం నాన్నకి చెప్పాను, సగం పోయాయి, సగం పచ్చగా ఉన్నాయని.

"పచ్చగా ఉన్నవన్నీ బతికినట్టేనేటమ్మా?"

"ఏం?"

"తిత్లీకి మన కొబ్బరి చెట్లు పడిపోయినవి ఇరవై మూడు. నిలబడ్డవి పచ్చగానే ఉన్నాయి కదా అనుకున్నాం. మువ్వు కదిలిపోయిన సంగతి మనకి తెలీలేదు. మూడేళ్ళలో ఇంకో పద్దెనిమిది పోలేదేటి? నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు."

మర్నాడు పెట్టెలోంచి ఫ్లోరోమీటర్ తీశాను. తెచ్చాను గానీ, టైము చాలదని వాడకూడదనుకున్నాను. ఆకు మీద పడిన వెలుగులో ఎంత వాడుకోగలుగుతోందో చెప్పే యంత్రం ఇది. కొలిచే ముందు ఆకుని ఇరవై నిమిషాలైనా చీకట్లో ఉంచాలి. సూర్యుడు అస్తమించని చోట చీకటి ఎక్కడి నుంచి తేవాలి? అందుకు చిన్న చిన్న నల్ల క్లిప్పులుంటాయి. ఒక్కో కొమ్మకి ఒక్కో క్లిప్పు పెట్టి, దానికో చిటికెడు రాత్రి ఇచ్చి, ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఆరోగ్యంగా ఉన్న ఆకు 0.8 దగ్గర చూపాలి.

లోయ అంచున, మంచు నిలిచిన పల్లంలోని కొమ్మలు 0.79, 0.77, 0.80. ప్లాట్ మధ్యలో, బూడిద జడల పక్కనే పచ్చగా నిగనిగలాడుతూ పూసి ఉన్న కొమ్మ 0.58. దాని పక్కది 0.61. మూడోదానికి క్లిప్పు సరిగా పట్టలేదేమోనని మళ్ళీ పెట్టి, మళ్ళీ ఇరవై నిమిషాలు ఆగాను. 0.55.

నోట్‌బుక్‌లో పచ్చ, బూడిద అని రెండే గడులున్నాయి. మూడోది గీశాను. దానికి ఇంగ్లీషులో ఏం పేరు పెట్టాలో తోచక 'నిలబడినవి' అని తెలుగులో రాశాను. ఇదేం లిపి అని అడిగింది స్వీడన్ అమ్మాయి. చెప్పాను. నోట్‌బుక్ నా చేతిలోంచి లాక్కుని, "సరే, మొదటి ప్లాట్ నుంచి మళ్ళీ చెప్పు," అంది.