రబ్బరు లేని రాత

"అమ్మా, చైనీస్ క్లాసులో రబ్బరే ఉండదు. నీ దగ్గర రాసేదానికంటే చెరిపేదే ఎక్కువ. నేనింక తెలుగు రాయను."

పోయిన ఆదివారం మా తొమ్మిదేళ్ల అమ్మాయి అన్న మాట ఇది. ‘అమ్మమ్మ’ అని రాయమన్నాను. మ కింద ఒత్తు పక్కకి జారిందని మూడుసార్లు చెరిపించాను. నాలుగోసారికి కాగితం చిరిగింది.

సింగపూర్ బడుల్లో మాతృభాషగా నేర్పేవాటిలో తెలుగు లేదు. మా అమ్మాయి చైనీస్ తీసుకుంటానంటే సరేనన్నాం. కుంచెరాత క్లాసులో కూడా చేరతానన్నప్పుడు మాత్రం నాకు మనసు చివుక్కుమంది. మన అక్షరాలకి లేని ఓపిక వాటికెక్కడి నుంచి వస్తోందని ఒకరోజు వెళ్లి క్లాసులో వెనక కూర్చున్నాను.

అక్కడేమీ తేలిగ్గా వదిలెయ్యరు. ఎర్రగా అచ్చువేసిన అక్షరాల మీద పిల్లలు నల్ల సిరాతో దిద్దుతారు, మనం పలక మీద దిద్దినట్టే. ‘యోంగ్’ అనే ఒక్క అక్షరంలో ఎనిమిది రకాల గీతలుంటాయట, వారాల తరబడి అదే రాత. కాకపోతే కుంచెరాతకి వాడే షువాన్ కాగితం సిరాని వెంటనే పీల్చేస్తుంది. పడిన గీత పడిందే.

ఇంటికొచ్చి కుంచెరాత గురించి చదవడం మొదలుపెట్టాను. చైనాలో ఎనిమిదో శతాబ్దంలో జరిగిన ఆన్ లుషాన్ తిరుగుబాటులో చనిపోయిన అన్న కొడుకు కోసం కుంచెరాతలో పేరుపడ్డ యాన్ జెన్‌చింగ్ 758లో రాసుకున్న నివాళి చిత్తుప్రతి తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. మొదట్లో రాత నిదానంగా ఉంటుంది. పోనుపోను సిరా ఆరిపోయిన గీతలు, కొట్టివేతలు, దాటిపోయే వేగం. భాష రాని నాకే ఆ దుఃఖం అందింది. 353లో లాన్‌టింగ్ అనే చోట మిత్రులు చెప్పిన కవితలకి, కుంచెరాతలో మరో దిట్ట వాంగ్ షీజి రాసిన ముందుమాటా చిత్తుప్రతే. అందులో ‘జి’ అనే అక్షరం ఇరవైసార్లు వస్తే ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. అసలు ప్రతి ఇప్పుడు లేదు. నకలు తీసినవాళ్లు దిద్దుబాట్లని కూడా ఉన్నవున్నట్టు దించారు. సగం గొలుసుకట్టుగా సాగే రాతలో చైనావాళ్లు మొదటి, రెండో స్థానాలిచ్చింది ఈ రెండింటికే.

హాస్టల్లో ఉన్నప్పుడు మా అమ్మ రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ఇప్పటికీ దాచుకున్నాను. వాటిలోనూ ఎన్ని కొట్టివేతలో! ఒక్కటీ నాకు తప్పుగా కనబడలేదు.

పిల్లల రాతని చెరిపించకండని ఈ వారంలో ఇద్దరు స్నేహితులకి చెప్పాను. చెప్పాక అనుమానమొచ్చింది. ఆ కొట్టివేతలకి అంత విలువ రావడానికి ముందు ఆ చేతులు ఏళ్ల తరబడి దిద్ది ఉంటాయి కదా. నేను వదిలేస్తే ఈ ఊళ్లో దీని ఒత్తు సరిచేసేవాళ్లెవరు?

నిన్న సాయంత్రం తనంతట తనే, మిగిలిన షువాన్ కాగితం మీద కుంచెతో పెద్దగా ‘అమ్మమ్మ’ అని రాసింది. ఫోటో తీసి మా అమ్మకి పంపబోతూ, "ఆ ఒత్తు కొంచెం..." అనేశాను.

అది ఏమీ అనలేదు. కుంచె కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయింది.